ఒంటరి ప్రేక్షకుడు

మన భాషలో ఒంటరివానికి మర్యాద లేదు. "ఒంటికాయ శొంఠికొమ్ము" అని వానిని పరిహసింతుము. "నలుగురితో నారాయణా" అని వానికి బుద్ధి చెప్పుదుము. విందునకు ఒంటరిగా పోయినవానిని "ఇంటివారేరి?" అని యడుగుదురు. తీర్థమునకు ఒంటరిగా పోయినవానిని "ఇంటిలో నేమి జరిగినది?" అని యడుగుదురు. నాటకమునకో చిత్రప్రదర్శనమునకో ఒంటరిగా పోయినవానిని మాత్రము ఏమియు నడుగరు. వీనికి పనిలేదని నిశ్చయించుకొని యూరకుందురు. పోయినది స్త్రీయైనచో ఆ నిశ్చయములు ఇంకను పెక్కు తెరగులుగా నుండును. వానిని ఇచట వ్రాయుట మాకిష్టము లేదు.

అయినను ఈ భాషలోనే ఏకాంతమను మరియొక మాట గలదు. దాని మర్యాదకు కొదవలేదు. తిరుమలలో దినదినమును కడపట జరుగు సేవకు ఏకాంతసేవ యని పేరు. వేలకొలది జనులకు దర్శనమిచ్చిన స్వామికి రాత్రి కొంతసేపు జనములేని విశ్రాంతి యుండవలెనని మన పెద్దలు తలచిరి. దేవునికి అక్కరయైనది మనుష్యునికి అక్కర లేదా? ఒకే స్థితికి రెండు పేరులు పెట్టి, మంచిపేరును గుడిలో నుంచి చెడ్డపేరును ఇంటికి తెచ్చుకొంటిమి.

ఈ తలపు చిరకాలముగా మాలో నుండుటచేత, గడచిన నెలలో ఒక దినమంతయు శేరిలింగంపల్లి ప్రాంతమున కళలను చూచుటకై ఒంటరిగా గడపితిమి. "మేము" అనునది పత్రికలకు వ్రాయువారి బహువచనమే కాని, ఆ దినమున మేమొక్కరమే. చూచినవానిని గూర్చియు, చూచుటను గూర్చియు మాకు తోచిన విమర్శను చదువరుల కెరిగింతుము.

శేరిలింగంపల్లి యనగానే నేటివారికి గాజుమేడలు జ్ఞప్తికి వచ్చును. 1998లో మాదాపురమున సైబర్ టవర్సు తెరవబడిన నాటినుండి ఈ ప్రాంతము కంప్యూటరు కొలువులకు పుట్టినిల్లుగా ప్రసిద్ధి కెక్కినది. 2007లో ఇచటి పురపాలక సంఘము హైదరాబాదు మహానగరపాలక సంస్థలో చేరినది. 2019లో మెట్రోరైలు రాయదుర్గము వరకు వచ్చినది. ఒకప్పుడు గోలకొండ కోటకు త్రాగునీరందించిన దుర్గముచెరువుపై 2020లో తీగెల వంతెన వెలసినది. ఇన్ని వచ్చిన చోట కళలు మాత్రము రాలేదని పలువురు నిట్టూర్చుట మేమెరుగుదుము. ఆ నిట్టూర్పు న్యాయము కాదు. మాదాపురమున 1992 నుండి శిల్పారామము కలదు; దానిని చేరియే శిల్పకళావేదిక కలదు. కావూరి హిల్సున ప్రభుత్వపు చిత్రశాల కలదు. 2015లో మొదలైన భారత ఛాయాచిత్రోత్సవము పెక్కు పర్యాయములు అందే జరిగినది. గచ్చిబౌలి వైపున, 1974లో నెలకొల్పబడిన కేంద్రీయ విశ్వవిద్యాలయమున, సరోజినీ నాయుడుగారి పేర నృత్య నాటక చిత్రకళలు నేర్పు శాఖ కలదు. లింగంపల్లి చెంత సురభి నాటకకుటుంబములు నివసించు కాలనీ కలదు. ఇన్ని యుండగా కళలు లేవనుట వంటయింటిలో నిలుచుండి ఆకలి యని యేడ్చుట వంటిది.

కాబట్టి కొదవ మందిరములది కాదు. ఒక నగరపు సంస్కారమును కొలుచుటకు మందిరముల లెక్క చాలదని మా యభిప్రాయము. సొంతబండి లేనివాడు, తోడులేనివాడు, గొప్ప పరిచయములు లేనివాడు ఒక దినమంతయు కళలతో గడపి, ఎవరికిని సంజాయిషీ చెప్పుకొనక సుఖముగా ఇల్లు చేరగలడా? ఇది మొదటి ప్రశ్న. "వాడు" అన్న చోటులనెల్ల "ఆమె" అని మార్చి యదే ప్రశ్నను మరల అడుగవలెను. ఇది రెండవ ప్రశ్న. ఈ రెంటికిని వచ్చు ప్రత్యుత్తరమే ఆ నగరపు సంస్కారము.

ఉదయమున దుర్గముచెరువు స్టేషనున రైలు దిగి, కాలిబాట యున్నచోట కాలిబాటపైని, లేనిచోట బండ్లవారి దయపైని నడచి చిత్రశాల చేరితిమి. యువచిత్రకారుల పటములు గోడలపై నుండెను. చూచువారు పలుచగా నుండిరి. మేమొక బల్లపై కూర్చుండి, పటములను కొంతసేపును పటములను చూచువారిని కొంతసేపును చూచితిమి.

ఒక కుటుంబము వచ్చెను. తండ్రి ముందు, పిల్లలు నడుమ, తల్లి వెనుక. తండ్రి మొదటి పటము నెదుట నిలిచి "బాగున్నది" అనెను. పిల్లలును బాగున్నదనిరి. తల్లి చిన్నవాని నీళ్లసీసా మూత బిగించుచుండెను. రెండవ పటము నెదుట తండ్రి ఏమియు ననలేదు; పిల్లలును ఏమియు ననలేదు; తల్లి పెద్దదాని జడ సవరించుచుండెను. గదిలోని పటములన్నియు పది నిమిషములలో ముగిసినవి. వారు వెడలిపోవుచుండగా మాకిట్లు తోచినది: తండ్రి పటములను చూచెను, పిల్లలు తండ్రిని చూచిరి, తల్లి పిల్లలను చూచెను. నలుగురు వచ్చిరి, చూచినవాడు ఒక్కడు. అతడైనను తాను చూచుచున్నట్లు నలుగురికి కనబడవలసిన భారముతో చూచెను.

ఆ కుటుంబమును మేము నిందించుట లేదు. ఇది ఇంటింటి కథ. మా యింటి కథయు నిదే. రసాస్వాదమునకు అడ్డు వచ్చు విఘ్నములను గూర్చి, వేయేండ్ల క్రిందట కాశ్మీరమున నాట్యశాస్త్రమునకు వ్యాఖ్య వ్రాసిన అభినవగుప్తుడు చర్చించియున్నాడు. అతడు లెక్కించిన యేడు విఘ్నములలో ఒకటి, ప్రేక్షకుడు తన సొంత సుఖదుఃఖములకు వశుడై యుండుట. రంగస్థలముపై రాముడు దుఃఖించుచుండగా మనస్సు ఇంటి బాకీపై నున్నచో రసమెట్లు కలుగును? ఇల్లు విడిచి వచ్చితిమనుకొందుము గాని, ఇంటిల్లిపాదిని వెంటబెట్టుకొని వచ్చినచో ఇంటిని విడిచినదెక్కడ? ఆకలి, నిద్ర, అలుక, నీళ్లసీసా అన్నియు వెంటనే వచ్చును. ఆ తల్లికి ఆ గదిలో పటము లేదు. తన వంటయిల్లే కలదు, కొంచెము పెద్దదిగా.

తరువాత మేము ఒక పటము నెదుట చాలసేపు నిలిచితిమి. తెలంగాణపు స్త్రీ యొకతె. నల్లని మేను, నుదుట పెద్దబొట్టు, కొప్పున పూవులు, చేతుల కడియములు, భుజముపై చిలుక. ఇట్టి చిత్రములకు మార్గదర్శి యెవరో తెలుగువారి కెరింగింప నక్కరలేదు. కరీంనగరు జిల్లా బూరుగుపల్లిలో 1942లో జన్మించిన తోట వైకుంఠముగారు, హైదరాబాదునను, పిదప బరోడాలో కె.జి. సుబ్రహ్మణ్యన్‌గారి యొద్దను చిత్రకళ నభ్యసించి, తమ పల్లెలో చూచిన స్త్రీలను ఎరుపు, పసుపు, ఆకుపచ్చ మొదలగు నిండురంగులతో పటముల కెక్కించిరి. అంతకుముందు చిత్రకారులు అందమునకై పురాణములలో వెదకుచుండగా, వీరు మన యింటి గడపలో చూపిరి. ఇది సామాన్యమైన సేవ కాదు. మేము చూచిన పటము వారిది కాదు; వారి త్రోవలో నడచిన యొక చిన్నవానిది.

మేమట్లు నిలిచియుండగా నేల తుడుచు నొక స్త్రీ ఆగి, పటమును మమ్మును మార్చి మార్చి చూచి, మేము ఒంటరిగా నున్నందుననో యేమో, జంకులేక పలికెను. "గీ కడియాలు మా అవ్వకు గూడ ఉండె సారూ. గని మా అవ్వ గిట్ల ఉత్తగ కూసున్నది నేనెన్నడు సూడలే." అని తుడుపుకర్ర తీసికొని తరువాతి గదికి పోయెను.

చదువరులారా, చిత్రకళను గూర్చి మేము పెక్కు విమర్శలు చదివితిమి, కొన్ని వ్రాసితిమి. ఆ రెండు వాక్యములకు సాటివచ్చునవి అరుదు. ఈ మార్గపు పటములలో పల్లెటి స్త్రీ ఎల్లప్పుడును తీరికతో నుండును. చిలుకతో నుండును, తమలపాకుతో నుండును, తోడి స్త్రీతో ముచ్చటలాడుచుండును. ఆ కడియములు వాస్తవము, ఆ బొట్టు వాస్తవము, ఆ మేనిచాయ వాస్తవము; ఆ తీరిక మాత్రము చిత్రకారుని దానము. ఇది మెచ్చదగిన దానమా, కప్పిపుచ్చుటయా? జీవితము ఆమెకు చేసిన యన్యాయమును కళ యొక గజము గుడ్డపైనైనను సవరించినదని ఒక రీతిగ చెప్పవచ్చును. ఆ పటమును కొని తన సావడిలో వ్రేలాడదీసినవాడు పల్లె యనగా విశ్రాంతి యని నమ్మి నిశ్చింతగా నిద్రించునని మరియొక రీతిగ చెప్పవచ్చును. పటము ఈ తగవు తీర్పదు. చూచువాడు తీర్చుకొనవలెను. దానికి కావలసినది ముందుగా తీరిక. పటములోని స్త్రీకి గలదు. పటము కొన్నవానికి గలదు. పటము క్రింది నేల తుడుచు నామెకు మాత్రము రెండు వాక్యములకు సరిపడునంత గలదు.

మధ్యాహ్నము శిల్పారామమునకు పోయితిమి. నగరము నడుమ చెట్లనీడ నిచ్చి, చేతిపనివారిని కొనువారిని ఒకచోట చేర్చిన ఈ యారామము చేసిన మేలును తక్కువ చేయరాదు. నేతచీరలు, కొయ్యబొమ్మలు, మట్టిపాత్రలు మధ్యవర్తి లేక చేయు చేతినుండి కొను చేతికి వచ్చుట యెంత యరుదో యెరిగినవారికి దీని విలువ తెలియును. అయినను ఇందు మమ్ము ఆలోచింపజేసిన దొకటి గలదు. గ్రామజీవన ప్రదర్శనశాలలో కుమ్మరి, సాలెవాడు మొదలగువారి ప్రతిమలు నిలువెత్తున, వారి వారి పనిముట్లతో నిలిపియున్నవి. కొంత దూరమున అంగళ్లలో బ్రదికియున్న పనివాండ్రు కూర్చుండియున్నారు. జనులు ప్రతిమల యొద్ద నిలిచి ఛాయాచిత్రములు తీయించుకొని, పనివాండ్ర యొద్దకు వచ్చి బేరమాడుదురు. ప్రతిమ యొద్ద ముచ్చట, మనిషి యొద్ద బేరము! ప్రతిమ అన్నమడుగదు గనుక దానిని ప్రేమించుట సుళువు.

ఒక యంగడిలో చేర్యాల పటములుండెను. సిద్దిపేట జిల్లాలోని చేర్యాలలో నకాషీవారు తరతరములుగ వ్రాయుచున్న కళయిది. ఖద్దరుగుడ్డకు చింతగింజల అంబలి, సుద్ద, జిగురు పూసి గట్టిపరచి, దానిపై ఎర్రని నేలతో కథను వరుసగా వ్రాయుదురు. పూర్వము ఈ పటములు గోడకు వ్రేలాడుటకు పుట్టినవి కావు. ఒక్కొక్క కులపువారికి వారి వారి పురాణమును పాడి వినిపించు కథకులు, ఈ పొడుగుపటమును కొంచెము కొంచెముగా విప్పుచు, కర్రతో చూపుచు, రాత్రులకు రాత్రులు కథ నడపెడివారు. పటము సగము, పాట సగము. నేడు పాట ప్రక్కకు తొలగినది. పటము జానెడు చతురస్రములుగ తెగి చట్రములలో కూర్చున్నది.

మేమొక చిన్న పటమును చేతికి తీసికొని చూచుచుండగా అంగడివాడు "ఎవరికి బహుమతి సార్?" అని యడిగెను. "ఎవరికిని కాదు, మాకే" అంటిమి. అతడు మా వంక వింతగా చూచెను. అతని తప్పేమియు లేదు. గృహప్రవేశమునకును, పదవీవిరమణకును, పైయధికారి మెప్పునకును కళను కొనుట మన వాడుక. తాను చూచుకొనుటకు కొనువాడు వానికెన్నడో గాని కనబడడు.

పటము కొంటిమి గాని, దానిని చదువలేకపోతిమి. నడుమ నున్న రాజెవరు? ప్రక్కనున్న మేక యేమి చేయుచున్నది? ఆ స్త్రీ యేల చేయి పైకెత్తినది? చెప్పు కథకుడు లేడు, విను కులము లేదు, మేమొక్కరమే. ఈ వ్యాసములో ఏకాంతమును పొగడుచు వచ్చితిమి గనుక ఇచట ఒక యొప్పుకోలు చేయుట న్యాయము. ఏకాంతము అన్ని కళలకును తాళపుచెవి కాదు. కొన్ని కళలు పదిమంది నడుమ పుట్టినవి. పదిమంది లేక మూగవోవును. వానిని ఒంటరిగా చూచువాడు పెండ్లి ముగిసిన పందిటిలో నిలిచినవాని వంటివాడు. తోరణములు కానవచ్చును, పెండ్లి కానరాదు.

ఆ చెట్లనీడన కూర్చుండి, తనకొరకే కళను కొనినవారెవ్వరా యని తలపోయగా, నగరమునకు ఆవలివైపున మూసీ యొడ్డున నున్న సాలార్‌జంగు ప్రదర్శనశాల జ్ఞప్తికి వచ్చినది. మూడవ సాలార్‌జంగు మీర్ యూసుఫ్ అలీఖాను 1889లో జన్మించి, 1912 నుండి 1914 వరకు నిజాము దివానుగా నుండి, ఆ పదవి వదలిన పిమ్మట తన ధనమును కాలమును కళావస్తువులను సేకరించుటలో వెచ్చించెను. వివాహమాడలేదు. 1949లో మరణించెను. ఆ సేకరణము 1951లో ప్రజలకు తెరవబడి, 1968లో నేటి భవనమునకు చేరినది. హైదరాబాదునకు గర్వకారణమైన యీ నిధిలో పెద్దభాగము ఒక యొంటరివాని రుచికి ఫలము. అతనిని ఎవ్వరును పనిలేనివాడనలేదు, రసికుడనిరి. ఇందు మన న్యాయము బయటపడుచున్నది. ధనవంతుని ఏకాంతము రసికత. పేదవాని ఏకాంతము సోమరితనము. స్త్రీ ఏకాంతము అనుమానము. నేడు ఆ ప్రదర్శనశాలలో జనులు గుంపుగా చేరునది గడియారము నెదుట. గంటగంటకు చిన్నబొమ్మ వెలికివచ్చి గంట కొట్టును. వందలకొలది కన్నులు దానిపై నుండును. పాలరాతిని పలుచని మేలిముసుగుగా మలచిన బెంజోని రెబెక్కా ప్రతిమ యెదుట అంతసేపు నిలుచువారరుదు. గడియారమును గుంపుగా చూడవచ్చును, అందు తప్పులేదు. ముసుగు చాటున ముఖము కనబడుటకు మాత్రము ఒక్కొక్కరు ఒంటరిగా నిలువవలసియున్నది.

సాయంకాలము సురభివారి "మాయాబజారు" చూచితిమి. ఈ సమాజమును గూర్చి తెలియనివారుండరు. తోలుబొమ్మలాట కుటుంబమున పుట్టిన వనారస గోవిందరావుగారు 1885లో కడప జిల్లా సురభి గ్రామమున "కీచకవధ" నాడించుటతో ఈ నాటకవంశము మొదలైనది. అన్యసమాజములలో మీసములు గీసికొన్న పురుషులు ద్రౌపదులుగ వచ్చుచున్న దినములలోనే ఇందు స్త్రీపాత్రలను స్త్రీలు ధరించిరి. తాత కట్టిన తెరను మనుమడు దించును. తల్లి వదలిన పాత్రను కూతురు తాల్చును. ఈ వంశమువాడైన రేకందార్ నాగేశ్వరరావు, జనులు ప్రేమతో బాబ్జీ యని పిలిచినవారు, 2013లో పద్మశ్రీ పొంది 2022లో కాలధర్మము నొందిరి. ఒకప్పుడు పదులకొలదిగ నున్న సురభి సమాజములు నేడు వ్రేళ్లపై లెక్కింపదగినవి.

తెర లేచెను. నారదుడు మేఘములలో దిగెను. బాణములు ఆకాశమున నెదురెదురుగ వచ్చి ఢీకొని మెరసెను. ఘటోత్కచుడు నోరు తెరవగా లడ్డూలు తమంతట తామే యెగిరిపోయెను. జనులు పట్టరాని సంతోషముతో చప్పట్లు కొట్టిరి. మేమును కొట్టితిమి, విమర్శకుడైనంత మాత్రమున లడ్డూ యెగిరినప్పుడు సంతోషింపరాదను శాస్త్రమేదియు లేదు. ఆ రాత్రి మేము చూచిన గొప్ప యభినయము మాత్రము తాళ్లపైని, తెరలపైని ఆధారపడినది కాదు. ఘటోత్కచుడు శశిరేఖ రూపు దాల్చిన పిమ్మట, ఆ మాయాశశిరేఖగ వచ్చిన నటీమణి నడకలో ఒక్క యడుగు రాక్షసునిది, తరువాతి యడుగు కన్నెపిల్లది. కూర్చుండబోవుచు మోకాళ్లు దూరముగ పెట్టి, అంతలో తెలివి తెచ్చుకొని చేర్చుకొనెను. పమిట సవరించుకొను చేయి గద పట్టిన చేయియే యని మాకు తెలియుచుండెను. ఆడుదాని మేనిలో మగరాక్షసుడు, ఆ రాక్షసుని లోపల మరల నటించు స్త్రీ: ఇన్ని పొరలను ఆమె ఒక్క నడకలో చూపినది. ఇందులకు చప్పట్లు పలుచగా పడినవి. జనులు తరువాతి మాయకై యెదురుచూచుచుండిరి.

సురభి యందు దోషమున్నచో ఇదియే. కాని అది వారి దోషమని మేము చెప్పజాలము. కన్నడనాట ప్రసిద్ధుడైన దర్శకుడు బి.వి. కారంత్‌గారు వీరితో కలిసి పనిచేసి, జర్మను నాటకకర్త బ్రెహ్ట్ రచన ననుసరించిన "బస్తీ దేవత యాదమ్మ" నాడించిరి. పురాణము లేకున్నను, మాయ లేకున్నను ఈ నటులు నిలువగలరని అందువలన తేలినది. అయినను మనము వారిని మరల మరల అడుగునది "మాయాబజారు"నే. నూటనలుబది యేండ్లు దాటిన నటవిద్యను లడ్డూతో కొలుచుచున్నాము. ప్రేక్షకుడు ఎదుగనిచో నటుడు ఎదుగుట యెట్లు?

ఆ నాటకశాలలో మరియొక సంగతి గ్రహించితిమి. దీపములారిన తోడనే మా ఒంటరితనము మాయమైనది. ప్రక్కనున్నవారెవరో మాకు తెలియదు. మేమెవరో వారికి తెలియదు. అందరి దృష్టియు ఒక్కచోటనే. ఘటోత్కచుని కేకకు వెనుక వరుసలో నొక పసివాడు బెదరి యేడ్వగా, ఆ యేడ్పు మా లోపలనుండి వచ్చినట్లే తోచినది. ఒకని దుఃఖము ఒకనిది గాక అందరిదియు నగుటను మన యాలంకారికులు సాధారణీకరణమనిరి. ఉదయమునుండి ఒంటరిగా నున్నవానికి ఇది ఎంత సులభముగ కలిగినది! ఏకాంతము జనద్వేషము కాదని మాకప్పుడు స్పష్టమైనది. ఒంటరిగా కూర్చుండ నేర్చినవాడే పదిమందిలో కూర్చుండుటకు యోగ్యుడు. అట్లు నేర్వనివాడు పదిమందిలో నున్నను తన యింటిలోనే యుండును.

నాటకము విడిచిన పిమ్మట బస్సు నిలుచు చోట పలువురు స్త్రీలు నిలుచుండిరి. గాజుమేడలలో పనిముగించిన వారు కొందరు, ఇండ్లలో పనిముగించిన వారు కొందరు. తెలంగాణములో 2023 డిసెంబరునుండి స్త్రీలు రాష్ట్రపు బస్సులు పెక్కింటిలో ఛార్జీ లేకయే ప్రయాణము చేయుచున్నారు. ఉదయమున నేల తుడిచిన యామె కూడ ఒక్క పైస వ్యయము లేక నగరపు ఈ చివరినుండి ఆ చివరకు పోవచ్చును. త్రోవ తెరచుకొన్నది. మరి దినమేది? టికెట్టు వెలను ప్రభుత్వము తీసివేయగలదు. తీరికను ఇచ్చుట దాని చేతిలో లేదు. అది ఇంటివారు ఈయవలసిన టికెట్టు.

ప్రదర్శనశాలలు నడుపువారికి మేము చెప్పదగినవి కొన్ని గలవు. పటముల యెదుట కూర్చుండుటకు బల్లలు వేయవలెను. నిలుచున్నవాడు పోవుటకే చూచును. పటము క్రింది వివరణము తెలుగునను ఉండవలెను. కరీంనగరపు స్త్రీని వ్రాసి, ఆమె చదువలేని భాషలో పేరు పెట్టుట మర్యాద కాదు. పగలు కొలువు చేయువారికి వారమునకొక రాత్రియైనను ద్వారములు తెరచియుంచవలెను. ఒంటరిగా వచ్చిన స్త్రీని "ఎవరితో వచ్చితిరి?" అని యడుగుట కావలివారు మానవలెను. ఇవి సొమ్ముతో కూడిన పనులు కావు; శ్రద్ధతో కూడినవి.

కాని సంస్కారమును ఇతరులకు బోధించి తాను తప్పించుకొనుట సంపాదకులకును వ్యాసకర్తలకును పాతయలవాటు. ఆ రాత్రి మేము ఇల్లు చేరునప్పటికి పదిగంటలు దాటినది. అన్నము మూతపెట్టి యుండెను. మా యింటియామె వడ్డించుచు "ఏమండీ, ఏం చూశారు?" అని యడిగినది. మేము చిత్రశాలను గూర్చియు, చేర్యాల పటమును గూర్చియు, మాయాశశిరేఖ నడకను గూర్చియు చెప్పుచు పోతిమి. ఆమె శ్రద్ధతో వినుచుండెను. చెప్పుట ముగిసిన పిమ్మట, చేయి కడుగుకొనుచుండగా, ఒక సంగతి మమ్ము ములుకువలె గ్రుచ్చినది. ముప్పదియేండ్ల కాపురమున ఆమెను ఈ ప్రశ్న మేమొక్కనాడును అడిగియుండలేదు. ఆమె చూచినదెల్ల మాతో చూచినదే. మాతో చూచినప్పుడు ఆమె నీళ్లసీసా మూత బిగించుచుండెను. అడుగుటకేమున్నది?

తరువాతి ఆదివారము ఆమెదని చెప్పితిమి. నమ్మలేదు. రెండవమారు చెప్పితిమి. "ఎచటికి? ఎవరితో? ఎందులకు?" అను మూడు ప్రశ్నలు మా నాలుకపైకి వచ్చినవి గాని, మ్రింగితిమి. ఉదయము ఎనిమిదిగంటలకు ఆమె చేతిసంచి తీసికొని వెడలిపోయినది. అన్నము మేము వండితిమి, అడుగంటినది, ఆ సంగతిని ఇంతకంటె విస్తరింపము. చీకటి పడిన పిమ్మట ఆమె తిరిగి వచ్చి, చెప్పులు విడిచి, కొంతసేపు అరుగుపై నూరక కూర్చుండెను. ఆమె అట్లు ఊరక కూర్చుండుట మేమెన్నడును చూడలేదు.

"ఏమి చూచితివి?" అని యడిగితిమి.

ఆమె నవ్వి, "తరువాత చెప్పుతాను" అనినది. ఇంకను చెప్పలేదు. మేమును తొందరపెట్టుట లేదు.